‘పార్లర్ మ్యూజిక్’ని తెలుగులో ఏమందాం?

యూజీన్ లిస్ట్ అనే పియానిస్టు గురించి రాస్తూ ‘పార్లర్ సంగీతం’ దగ్గర ఆగిపోయానండి. చదివి వినిపిస్తే మా అమ్మాయి “బ్యూటీ పార్లర్‌లో పెట్టే పాటలా నాన్నా?” అంది. ఆ మాట మనకి అలాగే అలవాటైంది మరి.

దాని మూలం ఫ్రెంచిలో ‘మాట్లాడటం’. మఠాల్లో సన్యాసులు బయటివాళ్లతో మాట్లాడే గదికి ఆ పేరుండేది. 19వ శతాబ్దపు అమెరికాలో అది చుట్టాలొస్తే కూర్చోబెట్టే గది. అందులో పియానో, అచ్చేసిన స్వరాల కాగితాలు చూసి వాయించే ఇంటి ఆడపిల్ల. మన పెళ్లిచూపుల్లో హార్మోనియం ముందు కూర్చోబెట్టేవాళ్లే, అదే గుర్తొస్తుంది నాకు.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 1829లో పుట్టిన పియానిస్టు, స్వరకర్త గాట్‌షాక్ స్వరాలు అటు వేదిక మీదా, ఇటు ఆ గదుల్లోనూ మోగాయి. 1869లో బ్రెజిల్‌లో పోయాక ఆయన్ని దాదాపు మరిచిపోయారు. లిస్ట్ 1950లలో ఆ స్వరాల్ని రికార్డు చేసి మళ్లీ వినిపించాడు. 1945లో జర్మనీలోని పోట్స్‌డామ్‌ సమావేశంలో ట్రూమన్, చర్చిల్, స్టాలిన్‌ల ముందు వాయించినాయన ఈయనే. బాంజో అనే తీగల వాద్యాన్ని తలపించేలా గాట్‌షాక్ పియానోకి రాసిన ‘ది బాంజో’ వినండి. పియానోలో తీగని సుత్తి కొడుతుంది, బాంజోలో వేలు మీటుతుంది. ఆ తేడా చెరిగిపోయేలా పొట్టి పొట్టి స్వరాలు గలగలమంటూ, చివరికొచ్చేసరికి ఊపిరి తీసుకోనివ్వవు. ఇలాంటిదాన్ని ‘కాలక్షేపం పాటలు’ అనడానికి నాకు మనసొప్పదు.

జవాబు: ‘సావిడి పాటలు’ అంటే ఎలా ఉంటుంది మాస్టారూ? చావడి కూడా నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటేగా.

అర్థం చక్కగా అతికిందండీ. కానీ మా గోదావరి వైపు సావిడి అంటే ముందు పశువులే గుర్తొస్తాయి. పైగా కరణం చావడి ఊరందరిది, పార్లర్ ఒక ఇంటిది.

జవాబు: పోనీ ‘ఇంటి కచేరీ’?

కచేరీలో టిక్కెట్టు, వేదిక వినిపిస్తాయి. తాసిల్దారు కచేరీ అన్నా అదే మాట, అదో పెద్దరికం. గాట్‌షాక్ వేదిక మీద వాయించింది కచేరీయే, అక్కడ ఆ మాట ఉంచుతాను. ఆ కాగితాలే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్న పిల్ల వాయించినదానికి మాత్రం ‘ముందుగది సంగీతం’ అని రాశాను. మా అమ్మాయికి మళ్లీ చదివి వినిపించాను. ఈసారి “ఎవరింట్లో?” అని అడిగింది.