అప్‌డేట్: శ్రీకాకుళం నుంచి తక్కువ ఖర్చులో భువనేశ్వర్, వెళ్లొచ్చాం

అమ్మానాన్న, పిల్లలతో భువనేశ్వర్ తక్కువలో ఎలా చూడాలి, కారు మాట్లాడుకోవాలా, ప్యాకేజీ తీసుకోవాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది రిటైరింగ్ రూమ్ సలహా. ఆమదాలవలసలో రైలెక్కడానికి తీసిన టికెట్ కన్ఫర్మ్ అయ్యాక, ఆ పీఎన్‌ఆర్‌తోనే భువనేశ్వర్ స్టేషన్‌లో గది బుక్ చేశాను, దాంతో లాడ్జీ బేరాలు, సామాన్లతో ఆటో బేరాలు రెండూ తప్పాయి. ఊళ్లో సిటీ బస్సులే సరిపోయాయి, కారు అక్కర్లేదు.

తిండికి అనంత వాసుదేవ గుడి చెప్పిన అన్నకి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. బిందుసాగరం చెరువు పక్కనే. మట్టికుండల్లో వండిన అన్నం, కూరగాయ ముక్కలేసిన పప్పు (దాల్మా అంటారు), ఉల్లి వెల్లుల్లి ఉండవు. కారం లేదని నసిగిన నాన్నే మళ్లీ అడిగి వేయించుకున్నారు. హోటల్ బిల్లుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

భువనేశ్వర్‌లోని ఉదయగిరి గుహల టికెట్ ఆన్‌లైన్‌లో తీస్తే కొంచెం తగ్గుతుంది, 15 ఏళ్లలోపు పిల్లలకి అసలు లేదు. అక్కడి హాథీగుంఫా అనే గుహలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం పైన రాతి మీద ఉంటుంది, తలెత్తి చూడాలి. ఎండెక్కక ముందే వెళ్లండి. లింగరాజ గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు.

భాష గురించి పడ్డ టెన్షన్ దండగ. ఇచ్ఛాపురం దాటితే ఒడిశానే, వచ్చీరాని హిందీతో పని జరిగిపోయింది. పూరీ కూడా కలపొచ్చా అని అడిగినవాళ్లకి: కలపొచ్చు, భువనేశ్వర్ నుంచి బస్సులున్నాయి, అమ్మ మోకాళ్ల వల్ల మేం వెళ్లలేదు.