‘ఎఎలె వెతమర్’: హీబ్రూ యెమెన్ వారి నోట నిలిచి ఉంటే?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తున్నాను. అందులో హీబ్రూ మళ్ళీ జనం నోట్లోకి వస్తుంది, కానీ ఇవాళ ఇజ్రాయెల్‌లో వినబడే తీరులో కాదు, యెమెన్ యూదుల తీరులో. పరమగీతము 7:8లో ‘ఖర్జూర చెట్టు ఎక్కుతాను’ అనే మాట ఒక ముసలావిడ అనాలి. ఇప్పటివాళ్ళు ‘ఎఎలె వెతమర్’ అంటారట. మా ముసలావిడ ఏమనాలి? అక్షరాలు అవే కదా, పలకడం అంత మారిపోతుందా?

జవాబు: మంచి మాట పట్టారండీ. తెలిసి ఎంచుకున్నారో లేదో గానీ, ఆ మాటకూ మీ కథకూ చుట్టరికం ఉంది. 1881-82లో యెమెన్ నుంచి కొన్ని యూదు కుటుంబాలు యెరూషలేము చేరాయి. ఆ వలసకు ఈ మాటే పేరైంది. మన కటపయాదిలాగే హీబ్రూ అక్షరాలకూ అంకెలుంటాయి. ‘వెతమర్’ను రాసే ‘బ, త, మ, ర’ (ఇక్కడి ‘వ’ రాతలో ‘బ’యే) విలువలు కూడితే 642. అది యూదుల లెక్కలో 5642వ సంవత్సరం, సరిగ్గా వాళ్ళు వచ్చిన ఏడు. హీబ్రూను ఇంటి భాష చేయాలని పట్టుబట్టిన ఎలియెజర్ బెన్ యెహూదా యాఫా రేవులో దిగిందీ 1881లోనే. మీరు కల్పించాల్సింది పెద్దగా లేదు.

ఇక పలుకు. యెమెన్‌లోని సనా నగరం వాళ్ళ నోట అది సుమారుగా ‘అఅల వథోమోర్’. ఇప్పటివాళ్ళు ‘ఎ’ అనే చోట సనా వాళ్ళకు ‘అ’. ‘తమర్’లోని రెండు ‘అ’లూ వాళ్ళకు నోరు కాస్త తెరిచి అనే ‘ఓ’. నేను రాసిన ‘థ’ మన ‘కథ’లోది కాదు. నాలుక కొన పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. మొదటి రెండు ‘అ’ల మధ్య గొంతు నొక్కి పలికే హల్లు ఒకటుంది. అరబ్బీ వాళ్ళు ‘అరబ్’ అనేటప్పుడు మొదట వినబడేది అదే. దానికి మన దగ్గర అక్షరం లేదు, నేనైతే రాయడం మానేశాను.

అదే మాట పోలండులోనో రష్యాలోనో చదువుకున్న యూదుడి పాత పలుకుబడిలో ‘ఎఎలె వెసోమోర్’, ‘సో’ మీద ఊనిక. ఒకే అక్షరం ఒకచోట త, ఒకచోట థ, ఒకచోట స. యూదుల విశ్రాంతి దినం పేరు శబ్బాత్, శబ్బోస్ అని రెండు రకాలుగా వినబడేదీ ఇందుకే.

‘అక్షరాలు అవే కదా’ అన్నారు. బండి ఱ చూడండి. ర, ఱ కలిపి ప్రాస వేస్తే ఒకప్పుడు తప్పు పట్టేవారు. ఇవాళ మనలో ఎవరు వేరుగా పలుకుతున్నాం? ఇప్పటి హీబ్రూలో ‘క’కు రెండక్షరాలు, ‘త’కు రెండక్షరాలు ఉన్నాయి. స్పెల్లింగులో పిల్లలకు టెన్షన్, చెవికి తేడా లేదు. యెమెన్ వాళ్ళకు మాత్రం అవి వేర్వేరు.

తమాషా ఏమిటంటే, బెన్ యెహూదా కోరిందీ మధ్యప్రాచ్యపు యూదుల పలుకుబడే. బడుల్లో దాన్ని నేర్పినవాళ్ళలో ఎక్కువమంది తూర్పు యూరప్ నుంచి వచ్చి, ఇంట్లో అక్కడి యూదుల భాష యిద్దిష్ మాట్లాడినవాళ్ళు. ‘స’ను ‘త’ చేసుకోవడం, ‘ఓ’ను ‘అ’ చేసుకోవడం సులువు, చేసుకున్నారు. గొంతు హల్లులు రాలేదు, వదిలేశారు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు వాటిని పలికి తీరాలన్న నియమం చాలాకాలం నడిచింది. మన రేడియో వార్తల తెలుగులాగే, స్టూడియో దాటి ఇంటికి రాలేదు.

దెబ్బ తిన్నది కవిత్వం. హీబ్రూ కవి బియాలిక్ పిట్టను పలకరిస్తూ రాసిన తొలి పద్యం 1892లో అచ్చయింది. ఛందస్సు పాత ఊనికకు కట్టినది. ఇప్పటి పలుకులో చదివితే నడక కుంటుతుంది. గణాలు తప్పిన సీసం విన్నట్టు ఉంటుందనుకోండి.

కాబట్టి కథలో ఏదో కమిటీ కూర్చుని యెమెన్ పలుకుబడిని తీర్మానించిందని రాయకండి, నమ్మబుద్ధి కాదు. చిన్నపిల్లల బడిలో టీచరమ్మను సనా నుంచి తెప్పించండి. ఆవిడ దగ్గర పెరిగిన పిల్లలు ఇంటికెళ్ళి, రష్యా నుంచి వచ్చిన నాన్నను ‘అలా కాదు’ అని దిద్దాలి.

ప్రశ్న: చాలా థాంక్స్ మాస్టారూ. ఆ టీచరమ్మ పొద్దున్నే పిల్లల్ని ఏమని పలకరిస్తుంది? ‘బోకెర్ తోవ్’ అనకూడదా?

జవాబు: అదే అంటుంది, ఆవిడ తీరులో. సనాలో ఆ ‘క’ మన ‘గ’, ‘కె’లోని ఎత్వం అత్వం. ‘బోగర్’ అని రాసుకోండి. ‘బో’ అనేటప్పుడు పెదాలు ‘ఓ’కి చుట్టి, లోపల నాలుకతో ‘ఏ’ అనాలి. ‘తోవ్’లో కూడా అంతే. అద్దం ముందు నాలుగుసార్లు చేస్తే వస్తుంది. ఇంట్లోవాళ్ళు చూడకుండా చేయండి.