బాస్కెట్‌బాల్‌లో అవతలివాళ్ళు ప్రెస్ వేస్తే మా టీం చేతులెత్తేస్తోంది, ఏం చేయాలి?

మాది గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ. బాస్కెట్‌బాల్ టీంకి నేనే కెప్టెన్‌ని. సీనియర్లంతా వెళ్ళిపోయారు, 12 మందిలో 8 మంది ఫస్టియరే.

రెండు క్వార్టర్లు బాగానే ఆడతాం. అవతలివాళ్ళు ఫుల్‌కోర్ట్ ప్రెస్ వేశారంటే, అంటే కోర్టంతా మా మీద పడి అడ్డుకున్నారంటే, అంతే సంగతులు. 8 సెకన్లలో బంతి సగం కోర్టు దాటాలి కదా, మా పాయింట్ గార్డ్ (బంతిని ముందుకు తీసుకెళ్ళేవాడు) సైడ్‌లైన్ దగ్గర ఇద్దరి మధ్య ఇరుక్కుని, తల వంచుకుని డ్రిబుల్ చేస్తూనే ఉంటాడు. మొన్న వరసగా నాలుగుసార్లు బంతి పోగొట్టాడు. ఆట వచ్చు, టెన్షనే వాడి సమస్య. కోచ్ లేరు, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు వాలీబాల్ మనిషి.

ఆరడుగుల రెండంగుళాల కుర్రాణ్ణి మధ్యలో నిలబెట్టి, వాడికి పాస్ ఇప్పిస్తే సరిపోతుందా? రోజుకు గంటన్నరే కోర్టు దొరుకుతుంది, ఏ డ్రిల్స్ చేయించాలి? వచ్చే ఏడాదికల్లా వీళ్ళలో ఇద్దరైనా యూనివర్సిటీ టీంకి ఎంపికయ్యేలా తయారవుతారా? ఆడినవాళ్ళు చెప్పండి.