సమస్య: ఏడు కన్న దినమె యెక్కువయ్యె

నల్లగొండ పంతులు: ఈ వారం పాదం ఆటవెలదిలో నాలుగోది, దానితో ముగిసేలా ముందు మూడు పాదాలూ మీరు కట్టాలి. ఏడాది కన్నా రోజు పెద్దదెట్లా అవుతుందని నన్ను తిట్టుకోకండి. బడిపిల్లలకు గ్రహాల పాఠం చెప్పేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ల కోసమే ఇది. విరహంలో రోజు ఏడాదిలా గడిచిందనే పద్యాలు వద్దు, ఆకాశం వైపు చూడండి.

దేవరకొండ సైన్సు సారు:

వేగుచుక్క యినుని వెసఁ జుట్టి వచ్చెను
తనను తాను చుట్టఁ దడయుచుండె
బాలలార! వినుఁడు భాస్కరు కొలువులో
ఏడు కన్న దినమె యెక్కువయ్యె.

శుక్రుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి మన లెక్కన 225 రోజులు. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి 243. సమస్య తీరిపోయినట్టే కదా పంతులుగారూ?

మిర్యాలగూడ మిత్రుడు: నాకు గ్రహాలు రావు, గ్రహాల బొమ్మలు ఆలస్యంగా తెచ్చే పిల్లలు తెలుసు.

మట్టి గోళములను మలచి తెచ్చితి సారు!
గడువు వార మనుచుఁ దిట్టవలదు
లెక్కఁ జూడరయ్య లెస్సగా మీరలే
ఏడు కన్న దినమె యెక్కువయ్యె.

నల్లగొండ పంతులు: ‘ఏడు’ను సంఖ్యగా విరిచారు, భేష్! ఏడు రోజుల మీద ఒక్క రోజేగా ఎక్కువైందంటున్నాడు వాడు. కానీ రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన పొందిక, తప్పింది; ‘గ’కు ‘ది’ చెల్లదు. ‘గసరవలదు’ అనండి, సరిపోతుంది.

పాలమూరు లెక్కల టీచరు: సార్లందరికీ నమస్తే. దేవరకొండ సారూ, పద్యం మంచిగుంది గని, లెక్కల ఒక మెలిక ఉన్నది. పిల్లలకు దినమంటే ఏంది? పొద్దు పొడిచినకాడి నుంచి మళ్ల పొద్దు పొడిచే దాక. శుక్రుడు తన చుట్టు తాను మన భూమికి ఎదురు దిక్కున తిరుగుతడు, అక్కడ పొద్దు పొడిచేది పడమట. ముందుకు నడుచుకుంట వెనక్కి గిరికీలు కొట్టినట్టు అన్నమాట. అందుకే సూర్యుడు తొందరగ మళ్ల కనవడతడు, 117 రోజులకే. ఏడాదిల సగమే అయె! ఈ పాదం అసలు బుధునిది.

రెండుసార్లు బుధుఁడు చండభానునిఁ జుట్టె
పొద్దుపొడుపు నుండి పొద్దుపొడుపు
దాఁక నొకటె నాడు తలపోసి చూడుఁడీ
ఏడు కన్న దినమె యెక్కువయ్యె.

బుధుని ఏడాది 88 రోజులు. పొద్దుపొడుపుకూ పొద్దుపొడుపుకూ నడుమ 176. సరిగ్గ రెండేండ్లు.

దేవరకొండ సైన్సు సారు: అమ్మా, శుక్రుడి రోజు ఏడాది కన్నా పెద్దదనే నేనూ చదువుకున్నాను, అదే చెబుతున్నాను. నక్షత్రాలను ఆనవాలు పెట్టుకొని కొలిస్తే 243 రోజులే, అది అబద్ధం కాదు.

నల్లగొండ పంతులు: అబద్ధం కాదు సారూ, కానీ అది భ్రమణకాలం. ‘తనను తాను చుట్ట’ అని మీరే చెప్పుకున్నారు గనుక పద్యం నిలుస్తుంది. ‘దినము’ అన్న మాట మాత్రం టీచరమ్మ వైపే మొగ్గుతోంది. పైగా శుక్రుడి మీద ఆ మబ్బుల్లో పొద్దు కనబడితే గదా! అమ్మా, రెండు–చండ ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరం కలవడం) చక్కగా పడింది. రెండో పాదం మూడోదాంట్లోకి ఒరిగిపోవడం నాకు ఇంకా నచ్చింది, ఆ రోజు ఎంతకీ తెగనట్టే ఉంది. ‘తలపోసి చూడుఁడీ’ మాత్రం గణాలు నింపడానికి పెట్టిన కూరుడు మాట. మళ్లీ ఆలోచించండి.

బుధుడి పొద్దులో ఇంకో వింత ఉంది, ఎవరూ పట్టుకోలేదు. బుధుడు సూర్యుడికి బాగా దగ్గరైనప్పుడు ఆ నడక వడి గిరికీ వడిని మించుతుంది. అప్పుడు ఆకాశంలో సూర్యుడు ఆగి, కాస్త వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు సాగినట్టు కనిపిస్తాడు. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ పొద్దంతా కదలదు. పిల్లలను తీసుకెళ్తే ‘పొద్దు ఆగిందా సారూ’ అంటారు. అక్కడ ఆగింది పొద్దు కాదు, స్తంభాల నడుమ వెలుతురు వచ్చే అమరిక అట్లాంటిది. బుధుడి మీదైతే ఆ ప్రశ్నకు ‘ఆగింది బిడ్డా’ అనొచ్చు.

పాలమూరు లెక్కల టీచరు: కూరుడు మాట ఒప్పుకుంట సార్. ఇయ్యాల ఇదే ఏడో తరగతిల చెప్పిన. ఒక పిల్ల లేచి, ‘అక్కడ పుడితే ఒక్క రోజుల రెండు పుట్టినరోజులా టీచర్?’ అన్నది. పగలు 88, రాత్రి 88 గద, పగటికొకటి రాత్రికొకటి వస్తదని చెప్పిన. క్లాసంత ఒకటే గోల, రెండు కేకులని.

నల్లగొండ పంతులు: ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి. వచ్చే వారం పాదం ఆమెదే: ‘పుట్టినట్టి దినము పూట కొకటి’.