మంగలి కత్తి నేర్చుకునేవాళ్లు తోలుపట్టీకి పేస్టు పూయొచ్చా?

కొత్తకత్తి:
కత్తి కొని మూడు వారాలైంది. నూరి, షేవింగుకి సిద్ధం చేసిందే కొన్నాను. మొదటి నాలుగైదు షేవ్‌లు హాయిగా సాగాయి. ఇప్పుడు బుగ్గల మీద పర్వాలేదు కానీ గడ్డం కింద వెంట్రుకల్ని కోయడం మానేసి పీకుతోంది. ప్రతి షేవ్‌కీ ముందు అంచు సరిచేసుకోవడానికి తోలుపట్టీ మీద ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పుతున్నాను. తోలుకి అప్పుడే రెండు గాట్లు పడ్డాయి, అది వేరే బాధ. ఆకుపచ్చ పేస్టు పూస్తే సరిపోతుందని ఒకాయన, పూస్తే కత్తి పాడైనట్టేనని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?

నున్ననిచెంప:
పూయండి. అది క్రోమియం ఆక్సైడ్, లోహాన్ని సన్నగా అరగదీసే పొడి, అర మైక్రాన్ రేణువులు. పది సార్లు తిప్పితే పీకడం ఆగుతుంది. నేను ఏడాదిగా సానరాయి మొహం చూడలేదు.

పాతసాన:
మీరు చేయి కుదిరాక పూశారు సార్. ఈయన చేయి ఇంకా కుదరలేదు, ఆ గాట్లే సాక్ష్యం. పట్టీ చివర కత్తిని వెన్ను (అంచుకి ఎదురుగా ఉండే మందమైన వైపు) మీద పూర్తిగా తిప్పకముందే వెనక్కి లాగితే గాటు పడుతుంది. వెన్ను ముందు నడవాలి, అంచు దాని వెనకాల రావాలి, వెన్ను తోలుని ఎప్పుడూ వదలకూడదు. అది లేచిన ప్రతిసారీ అంచు తోలులోకి దిగి గుండ్రబడుతుంది. పట్టీ వదులుగా ఉన్నా ఇంతే. ఉత్తి తోలు మీదైతే ఆ నష్టం కొంచెమే. పేస్టు లోహాన్ని అరగదీస్తుంది కదా, చేసే తప్పుని కూడా శ్రద్ధగా చెక్కిపెడుతుంది. ముందు ఓ మొద్దు కత్తితో పాత బెల్టు మీద తిప్పడం నేర్చుకోండి. టపటపా చప్పుడు రావాలన్న సరదా తర్వాత తీర్చుకోవచ్చు.

ఆదివారంషేవ్:
ఒక్క మాట. వంగిన అంచుని తోలు నిటారు చేస్తుందని మనమంతా చెప్పుకుంటాం. 2020లో ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. షేవ్ చేసిన బ్లేడుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే అంచు చిన్నచిన్న పెచ్చులుగా ఊడి కనిపించింది. అదీ ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక వల్ల! వాళ్లు చూసింది వాడి పారేసే రేజర్లని, మన కత్తుల్ని కాదు, ఒప్పుకుంటాను. కానీ పెచ్చు ఊడిన చోట ఉత్తి తోలు ఏం చేయగలదు? ఎప్పుడో ఒకప్పుడు కొంత లోహం తీయాల్సిందే.

పాతసాన:
తీయాల్సిందే. అది రాయితో తీద్దాం అంటున్నాను. రాయి చదునుగా ఉంటుంది. వెన్నూ అంచూ రెండూ ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది. వేలాడే తోలు ఒత్తిడికి లొంగిపోతుంది.

నున్ననిచెంప:
మూడు వారాల మనిషి చేత రాళ్లు కొనిపిస్తారా? గరుకు నుంచి నునుపు దాకా వెయ్యి గ్రిట్ రాయి, నాలుగు వేల గ్రిట్‌ది, ఎనిమిది వేలది, పన్నెండు వేలది... గోటితో పోయేదానికి గొడ్డలి! వేలాడే పట్టీయే మీ అభ్యంతరమైతే, చెక్కకి అతికించిన తోలు మీద పూయమనండి.

పాతసాన:
చెక్క మీదైతే నాకు గొడవ లేదు. రోజూ వాడే పట్టీకి మాత్రం వద్దు. ఒకసారి పూశాక అది మళ్లీ ఉత్తి తోలు కాదు. రాళ్లు కొనమని కూడా నేననలేదు, నూరడం వచ్చినవాళ్లకి ఇచ్చి నూరించమంటాను. బాగున్న అంచు ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా దాన్ని నిలబెట్టుకునేది.

తుప్పుబాధితుడు:
గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు ఉంటుందేమో, అయినా అడుగుతాను. కత్తి ఎక్కడ పెడుతున్నారు? నేను బాత్‌రూమ్ అరలో పెట్టి అంచంతా తుప్పు చుక్కలు తెచ్చుకున్నాను. కార్బన్ ఉక్కు తేమకి ఆగదు. తుడిచి, బాగా ఆరనిచ్చి, ఒక చుక్క మినరల్ ఆయిల్ రాసి వేరే గదిలో పెట్టండి. పిడి లోపలికి నీళ్లు పోనీయకండి.

కొత్తకత్తి:
బాత్‌రూమ్‌లోనే పెడుతున్నాను. ఇవాళే తీసేస్తా.

కొత్తకత్తి (రెండు వారాల తర్వాత):
తిప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకున్నాను. పాతసాన గారు చెప్పిందే, అవతలి చివర ప్రతిసారీ వెన్ను లేస్తోంది. కత్తి నూరించాను. గాట్ల అంచుల్ని సన్నని ఉప్పుకాగితంతో రుద్ది సాపు చేశాను. ఇప్పుడు పట్టీ బిగించి, నత్తనడకన యాభై సార్లు. ఆరు షేవ్‌లయ్యాయి, గడ్డం కింద పీకడం లేదు. మీసం దగ్గర ఇంకా ధైర్యం చాలక మామూలు రేజరే. పేస్టు కూడా కొన్నాను, మూత తీయలేదు.

నున్ననిచెంప:
తీస్తారు లెండి.