రేపే ఆఖరి రోజు, సార్‌కి లెటర్ ఎలా రాయాలి?

అడిగినవారు: మధ్యాహ్నం నుంచి ఇదే పని, ఆరుసార్లు రాసి చింపేశాను. రేపటితో నా ఇంటర్న్‌షిప్ అయిపోతుంది. సార్‌కి థాంక్స్ చెబుతూ లెటర్ ఇచ్చి, సర్టిఫికెట్ మీద సంతకం అడగాలి. సార్‌కి కోపం ఎక్కువ. ఎవరి దగ్గరైనా మోడల్ లెటర్ ఉంటే పెట్టండి ప్లీజ్.

సీనియర్: ఏ కోర్సు? సార్ అంటే ఎవరు?

అడిగినవారు: డి.ఫార్మసీ అండి, మెడికల్ షాపులో. సార్ అంటే ఓనర్.

ఫార్మసీ మాష్టారు: ముందు మాట సరిచేసుకోవాలి. డి.ఫార్మసీలో ఉండేది ప్రాక్టికల్ ట్రైనింగ్. ఇంటర్న్‌షిప్ ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, ఆరేళ్ల కోర్సు) వాళ్లకి, ఆరో ఏడాదిలో.

గుంటూరు కౌంటర్: పేరు ఏదైతే ఏంటండీ, పిల్లవాడు సంతకం కోసం తిప్పలు పడుతుంటే!

అడిగినవారు: నేను అమ్మాయినండి.

ఫార్మసీ మాష్టారు: పేరుతోనే పని ఉంది. ట్రైనింగ్ ఫారంలో ‘అప్రెంటిస్ మాస్టర్’ (అంటే ట్రైనింగ్ ఇచ్చేవారు) అని ఒక భాగం ఉంటుంది. అది నింపాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్. మీ ఓనర్ ఫార్మసిస్టేనా?

అడిగినవారు: కాదండి. ఫార్మసిస్ట్ మేడమ్ వేరే. పోయిన వారం నుంచి సెలవులో ఉన్నారు. అది చెప్పాలని తోచలేదు.

సీనియర్: అసలు సంగతి అదే. గంటలు లెక్కవేశావా?

అడిగినవారు: మూడు నెలలు నిండాయి కదండీ.

సీనియర్: నెలలు నిండితే చాలదు. 500 గంటలు కావాలి. అందులో 250 గంటలు డాక్టరు చీటీ చూసి మందులు ఇచ్చినవై ఉండాలి. మేడమ్ లేని వారం కలపకు.

గుంటూరు కౌంటర్: అమ్మా, లెటర్ పక్కన పెట్టు. నేను కౌంటర్‌లో నిలబడి పద్దెనిమిదేళ్లు. ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లలు స్వీట్లు పంచి వెళ్లిపోతారు, వాళ్లు సగంలో వదిలిన పని మర్నాడు మా నెత్తిన పడుతుంది. హెచ్1 రిజిస్టర్, అదే కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందుల లాంటివి అమ్మినప్పుడు రాసే పుస్తకం, నువ్వు రాస్తున్నావా? రాస్తుంటే ప్రతి వరసా చూసుకో: డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారు. 2014 మార్చి నుంచి ఈ పద్ధతి ఉంది, రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఇన్‌స్పెక్షన్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది మీ మేడమే. ఇన్సులిన్ ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ రాసేది ఎవరు? ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్ట్రిప్పులు తీసి ఏ డబ్బాలో వేశావు? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, నీ తర్వాత చేసేవాళ్లకి చూపించి వెళ్లు.

అడిగినవారు: ఫ్రిజ్ చార్టు నేనే రాస్తున్నానండి. ఇంకెవరికీ తెలియదు.

గుంటూరు కౌంటర్: అయితే రేపు పొద్దున్నే ఆ పని చూడు. థాంక్స్ నోటితో చెప్పినా సరిపోతుంది, ఓనర్‌కీ మేడమ్‌కీ విడివిడిగా.

ఫార్మసీ మాష్టారు: ఇంకో మాట. ఒక్క ఫార్మసిస్టే ఉన్న షాపులో ఒకేసారి ఇద్దరు ట్రైనీలకు మించకూడదు. మీ దగ్గర ఎంతమంది?

సీనియర్: ఆమె అడిగింది అది కాదు మాష్టారూ.

ఫార్మసీ మాష్టారు: అడగకపోయినా తెలిసి ఉండాలి.

అడిగినవారు: మేడమ్‌కి ఫోన్ చేశాను. సోమవారం వస్తారట. ఆ వారం తీసేస్తే 478 గంటలే తేలాయి, ఇంకో మూడు నాలుగు రోజులు వెళ్తాను. సార్ ఏమీ అనలేదు, సరే రా అన్నారు. థాంక్సండి అందరికీ.

కొత్త సభ్యుడు: నాది గవర్నమెంట్ హాస్పిటల్‌లో ట్రైనింగ్. ఫార్మసిస్ట్‌లు ముగ్గురు షిఫ్టులు మారతారు. సంతకం ఎవరి దగ్గర తీసుకోవాలి?