నకలు రాసేవారు కనబడిన తప్పును దిద్దవచ్చా?

పాతప్రతి: చేతిరాత ప్రతికి నకలు తీస్తుంటే తప్పు కొట్టొచ్చినట్టు కనబడిందనుకోండి. దిద్దాలా, ఉన్నదున్నట్టు దింపాలా? పాతకాలపు లేఖకులు చివర్లో ‘యాదృశం పుస్తకం దృష్టం...’ అని ఒక శ్లోకం రాసి చేతులు దులుపుకునేవారు. చూసిందే రాశాను, తప్పొప్పులకు పూచీ నాది కాదని. నాకది తప్పించుకోవడంగానే తోస్తుంది. యతి చెడిన పద్యాన్ని తెలిసి తెలిసీ అలాగే ఎక్కించడమేంటి?

తాటాకు: అలాగే ఎక్కించాలి. యతి చెడినచోటే కదా ఏదో జారిందని మనకు తెలిసేది! లేఖకుడు తనకు తోచిన మాట పెట్టి కుదిర్చేస్తే పద్యం చక్కగా నడుస్తుంది, అసలు మాట మాత్రం ఇక దొరకదు. తెలియని మాటను తెలిసిన మాటగా మార్చేయడం లేఖకులకు అలవాటు. ప్రతులన్నీ పోల్చి అసలు రూపం తేల్చే పరిష్కర్తలు, రెండు ప్రతుల్లో మాట తేడాగా ఉంటే తరచు కష్టమైన పాఠానికే మొగ్గేది అందుకే.

స్వరలిపి: సంగీతంలో అలా కుదరదండీ. అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట ఉండే ఆర్కెస్ట్రా స్కోరు నుంచి ఒక్కో వాద్యానికి దాని పార్టు విడదీసి రాసే పని నాది. రేపు రిహార్సల్. క్లారినెట్‌కు ఒక షార్ప్ గుర్తు (స్వరాన్ని కాస్త పెంచేది) మరిచిపోయారని తెలుస్తూనే ఉంది. అలాగే దింపితే రేపు అందరూ అక్కడే ఆగిపోతారు. అసలు వాయించేవారికి చెయ్యి ఖాళీ అయ్యే విరామం చూసి, పేజీ అక్కడ ముగిసేలా లెక్క వేసుకునేదీ మేమే. బుర్ర పెట్టకుండా ఈ పని జరగదు.

తాటాకు: బుర్ర పెట్టండి, పెన్సిల్‌తో పక్కన రాయండి, స్వరకర్తను అడగండి. జర్మన్ స్వరకర్త బాక్ చెల్లో వాద్యానికి రాసిన సూట్‌లకు ఆయన చేతిరాత ప్రతి మిగల్లేదు. భార్య ఆనా మాగ్డలేనా రాసిన నకలులో స్వరాలను కలిపే వంపుగీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో నేటికీ తగాదానే. కాస్త పక్కకు జరిగిన గీతలకే ఇంత గొడవైతే, కావాలని మార్చినవాటి మాటేమిటి?

స్వరలిపి: అడగడమా! 1825లో లేఖకుడు వోలనెక్ రాసిన ఉత్తరం మీదే స్వరకర్త బీథోవెన్ అడ్డంగా గీతలు కొట్టి తిట్లు రాశాడు.

దారినపోయే: దిద్దుబాటు కన్నా నాకు కంటి మీదే ఎక్కువ అనుమానం. రెండు పంక్తులు ఒకే మాటతో ముగిస్తే కన్ను కిందిదానికి దూకుతుంది, మధ్యలోది మాయం. రాసినవారికి తెలియను కూడా తెలియదు. అర్థం చూసుకుంటూ రాస్తే కొంతైనా పట్టుబడుతుంది.

పాతప్రతి: తాటాకు గారూ, మీరు అంచున రాయమన్న దిద్దుబాటును తర్వాతి లేఖకుడు మూలంలో కలిపేస్తే? పాత ప్రతుల్లో అలా దూరిన మాటలు తక్కువేం కాదు. అప్పుడు ఏది ఎవరిదో ఎలా తేలుస్తారు?